స్విచ్ లాగుల్లో నక్షత్రం ఉన్న టైమును నమ్మకండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ నెట్‌వర్క్ స్విచ్ లాగుల (జరిగినవాటిని టైముతో సహా స్విచ్ రాసుకునే చిట్టా) గురించే. అడిగినవాళ్లలో చాలామంది సిస్కో స్విచ్‌లే వాడుతున్నారు కాబట్టి మెసేజీల పేర్లు, కమాండ్లు సిస్కో స్విచ్ సాఫ్ట్‌వేర్ అయిన ఐఓఎస్‌వే ఇస్తున్నాం. వేరే కంపెనీ స్విచ్‌లలో మాటలు మారతాయి గానీ తీగల్లో జరిగేది అదే.

ప్రశ్న: మా స్విచ్ లాగులో లైన్లన్నీ మార్చి నెల తేదీలతో ఉన్నాయి. నడుస్తున్నది మార్చి కాదు. ప్రతి లైను ముందూ నక్షత్రం గుర్తు ఉంది. "తెల్లవారుజామున నెట్ పోయింది" అని ఫిర్యాదు వస్తే ఏ లైను చూడాలో తెలియడం లేదు.

జవాబు: ఆ టైమును నమ్మవద్దని చెప్పడానికే నక్షత్రం పెడతారు. గడియారాన్ని ఎవరూ సెట్ చేయలేదు, ఎన్‌టీపీ (సర్వరు నుంచి సరైన టైము తెచ్చుకునే పద్ధతి) కూడా లేదు. బ్యాటరీ గడియారం లేని మోడళ్లలో చాలావరకు కరెంటు వచ్చిన ప్రతిసారీ 1993 మార్చి 1 నుంచే లెక్క మొదలవుతుంది. నక్షత్రం బదులు చుక్క ఉంటే సంగతి వేరు. గడియారం సరిగ్గానే సెట్ అయింది, ప్రస్తుతానికి ఎన్‌టీపీ సర్వరుతో మాట కలవడం లేదు, అంతే. ఏ గుర్తూ లేని టైమును నమ్మవచ్చు.

పాత లైన్లు వృథా కాలేదు. తేదీ తప్పైనా, లైనుకీ లైనుకీ మధ్య ఎడం నిజమే. ఇప్పుడు "షో క్లాక్" కొట్టి, అదే క్షణంలో మీ చేతి గడియారం చూడండి. స్విచ్ మార్చి 22, 04:10 అంటోంది, మీ గడియారంలో పొద్దున 10:40 అయింది అనుకుందాం. లాగులో మార్చి 21, 22:55 నాటి లైను ఇప్పటికి 5 గంటల 15 నిమిషాల కిందటిది. అంటే అసలు టైము ఉదయం 5:25. ఒక్క జాగ్రత్త: మధ్యలో ఎవరైనా గడియారం సెట్ చేసి ఉంటే, అంతకు ముందు లైన్లకు ఈ లెక్క పనిచేయదు. నక్షత్రాలు ఎక్కడ ఆగిపోయాయో చూస్తే ఆ గీత తెలుస్తుంది.

శాశ్వతంగా సరిచేయాలంటే "ఎన్‌టీపీ సర్వర్" అడ్రసులు కనీసం రెండు ఇచ్చి, "సర్వీస్ టైమ్‌స్టాంప్స్ లాగ్ డేట్‌టైమ్ ఎంసెక్ లోకల్‌టైమ్ షో-టైమ్‌జోన్" పెట్టండి. ఇందులో "లోకల్‌టైమ్" మర్చిపోతే టైమ్‌జోన్ ఎంత సరిగ్గా సెట్ చేసినా లాగు యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయం) వస్తుంది. "షో క్లాక్" ఒక టైము, లాగు ఇంకో టైము చెబుతున్నాయని కంగారుపడే వాళ్లలో చాలామంది కథ ఇదే. "ఎంసెక్" కూడా వదలకండి. రెండు స్విచ్‌లలో ఏ పోర్టు ముందు పడిపోయిందో తేలేది ఒక్కోసారి మిల్లీసెకన్లలోనే.

ప్రశ్న: రోజుకు వేల లైన్లు పడుతున్నాయని లెవెల్ 3కి తగ్గించాం. అప్పటినుంచి అసలైన గొడవలు కనబడడం లేదు, పనికిరానివి మాత్రం ఇంకా వస్తున్నాయి. ఎందుకిలా?

జవాబు: మెసేజీలో ఉండే అంకె తీవ్రత స్థాయి. 0 ఎమర్జెన్సీ, 1 అలర్ట్, 2 క్రిటికల్, 3 ఎర్రర్, 4 వార్నింగ్, 5 నోటీస్, 6 ఇన్ఫర్మేషనల్, 7 డీబగ్. అంకె తగ్గేకొద్దీ తీవ్రత పెరుగుతుంది. లెవెల్ 3 పెడితే 0 నుంచి 3 దాకా మాత్రమే వస్తాయి.

చిక్కు ఏమిటంటే, ఆ అంకెను సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఆ మెసేజీ రకానికి ఒకేసారి అంటించేస్తారు. మీ నెట్‌వర్క్‌లో అది ఎంత ముఖ్యమో వాళ్లకు తెలియదు. ఎవరో కంప్యూటరు ఆపి ఇంటికి వెళ్తే "లింక్-3-అప్‌డౌన్" పడుతుంది, అది ఎర్రర్. నెట్‌వర్క్ మొత్తాన్ని కూల్చే (ఒకే ట్రాఫిక్ ఆగకుండా చుట్టూ తిరిగే) లూప్‌ను ముందుగా పట్టిచ్చే మ్యాక్ ఫ్లాప్ (వివరం తర్వాతి ప్రశ్నలో) మెసేజీ 4, అంటే వట్టి వార్నింగ్. డ్యూప్లెక్స్ తేడా (లింకుకు ఒక వైపు ఫుల్, అంటే ఒకేసారి రెండు దిశల్లో, రెండో వైపు హాఫ్, అంటే ఒకసారికి ఒకే దిశలో పనిచేయడం), నేటివ్ వీలాన్ తేడా (ట్యాగు లేని ట్రాఫిక్ లింకు రెండు చివర్లా వేర్వేరు వీలాన్లలోకి వెళ్లడం; వీలాన్ అంటే ఒకే స్విచ్‌లో విడిగా నడిచే నెట్‌వర్క్) కూడా 4లోనే. కెమెరాకు పవర్ తెగిందన్న సమాచారం 5లో. 3 దగ్గర గేటు వేసి మీరు ఆపేసింది సరిగ్గా ఇవే.

కాబట్టి లెవెల్ తగ్గించకండి, మోత చేసే చోటును నోరు మూయించండి. లాగులు చేర్చి దాచే సిస్‌లాగ్ సర్వరుకు "లాగింగ్ ట్రాప్ ఇన్ఫర్మేషనల్", అంటే 6 దాకా పంపండి. డెస్కు కంప్యూటర్లు ఉన్న పోర్టుల్లో మాత్రం "నో లాగింగ్ ఈవెంట్ లింక్-స్టేటస్" ఇవ్వండి. నిద్రలోకి జారుకునే కంప్యూటర్లు 1 గిగాబిట్ లింకును దించి 10 లేదా 100 మెగాబిట్లకు మార్చుకుంటాయి, లేచినప్పుడు మళ్లీ పైకి ఎక్కుతాయి. సగం చెత్త అక్కడిదే. అప్‌లింకులు (మిగతా నెట్‌వర్క్ వైపు వెళ్లే లింకులు), సర్వర్లు, వైఫై యాక్సెస్ పాయింట్లు, కెమెరాలు ఉన్న పోర్టుల జోలికి వెళ్లకండి.

బఫరు (స్విచ్ మెమరీలో లాగు దాచే చోటు) సైజు కూడా చూసుకోండి. చాలా మోడళ్లలో డీఫాల్ట్ 4096 బైట్లు. లైనుకు వంద అక్షరాలనుకుంటే నలభై లైన్లకే నిండిపోయి, పాతవి చెరిగిపోతాయి. పడుతూ లేస్తూ ఫ్లాప్ అయ్యే ఒక్క పోర్టు చాలు, రాత్రి జరిగినదంతా పొద్దుటికి తుడిచేయడానికి. "లాగింగ్ బఫర్డ్ 64000" నుంచి మొదలుపెట్టవచ్చు. కన్సోల్ (స్విచ్‌కు నేరుగా తగిలించే సీరియల్ కేబుల్) లాగింగ్ మాత్రం ఆపేయడమే మేలు. 9600 బాడ్ మీద సెకనుకు దాదాపు 960 అక్షరాలే పోతాయి. మెసేజీలు వరదలా వచ్చిన సమయంలో వాటిని కన్సోల్‌కు అచ్చువేసే పనిలోనే ప్రాసెసర్ ఇరుక్కుపోతుంది.

ప్రశ్న: "హోస్ట్ ఫలానా వీలాన్ 10లో గిగ్ 1/0/3, గిగ్ 1/0/24 పోర్టుల మధ్య ఫ్లాప్ అవుతోంది" అని ఆగకుండా వస్తోంది. లూప్ ఉందని ఒకరు, ఏమీ కాదని ఇంకొకరు అంటున్నారు. ఎవరిని నమ్మాలి?

జవాబు: ఇద్దరిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు. తేల్చడానికి లాగే చాలు. ఆ మెసేజీ చెప్పేది ఇంతే: ఒకే మ్యాక్ అడ్రసు (ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఉండే గుర్తింపు) కాసేపు ఒక పోర్టు వైపు, కాసేపు ఇంకో పోర్టు వైపు కనబడుతోంది. ముందుగా ఎన్ని మ్యాక్‌లు అలా ఊగుతున్నాయో లెక్కపెట్టండి.

ఒకే మ్యాక్ అయితే లూప్ అనుకోనక్కర్లేదు. రెండు నెట్‌వర్క్ కార్డులను టీమింగ్ (బాండింగ్ అన్నా ఇదే, రెండిటినీ ఒకటిగా వాడడం) చేసిన సర్వరు ఏమో చూడండి. సర్వరు వైపు బాండింగ్ పెట్టి, స్విచ్ వైపు ఈథర్‌ఛానల్ (రెండు పోర్టులను ఒకే లింకుగా కలపడం) పెట్టకపోతే ఇలాగే వస్తుంది. రెండు పోర్టులను ఎల్ఏసీపీతో (ఆ కలయికను రెండు వైపులూ కుదుర్చుకునే పద్ధతి) ఒక ఛానల్‌లో కలపండి, లేదా సర్వరులో ఒక కార్డు పనిచేస్తూ రెండోది రిజర్వులో ఉండే పద్ధతికి మార్చండి. మ్యాక్‌లో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఒకటైతే అది ఫ్యాక్టరీలో ఇచ్చిన అడ్రసు కాదు. చాలాసార్లు ఫోను తానే పుట్టించుకున్న వైఫై అడ్రసు అయి ఉంటుంది, లేదా వర్చువల్ మెషీన్. ఫోను పట్టుకుని మనిషి ఒక యాక్సెస్ పాయింటు పరిధి నుంచి ఇంకోదానిలోకి నడిచినా ఈ లైను పడుతుంది. నిమిషానికి ఒకటో రెండో అయితే పట్టించుకోకండి.

ఒకే మ్యాక్ అయినా భయపడాల్సిన సందర్భం ఒకటుంది. ఆ అడ్రసు 0000.5ఈ00.01తో గానీ, 0000.0సీ07.ఏసీతో గానీ మొదలైతే అది గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి అయిన రౌటరు) వర్చువల్ మ్యాక్, అంటే రెండు రౌటర్లు పంచుకునే అడ్రసు. మొదటిది వీఆర్‌ఆర్‌పీది, రెండోది హెచ్‌ఎస్‌ఆర్‌పీది; ఒక రౌటరు పడితే ఇంకోటి అందుకునే పద్ధతులివి. అది ఊగుతోందంటే రెండు రౌటర్లూ "గేట్‌వేను నేనే" అనుకుంటున్నాయి, ఒకదాని హలో (నేనున్నానని పంపే మెసేజీ) ఇంకోదానికి చేరడం లేదు. వాటి మధ్య ట్రంకులో (పలు వీలాన్లను మోసే లింకు) ఆ వీలాన్ రెండు వైపులా అనుమతించి ఉందో లేదో ముందు చూడండి. లూప్ వల్ల రౌటరు హలో తిరిగి వేరే పోర్టు నుంచి వచ్చినా ఇలాగే కనబడుతుంది. ఆ పరిస్థితిలో మిగతా మ్యాక్‌లు కూడా కలిసి ఊగుతాయి.

పదులకొద్దీ మ్యాక్‌లు, అన్నీ అవే రెండు పోర్టుల మధ్య, సెకన్ల వ్యవధిలో ఊగుతున్నాయా? లూప్ పడింది. మీ ఉదాహరణలో 24 అప్‌లింక్ అయితే 3 వైపే వెతకాలి. ఆ పోర్టులో "లోడ్-ఇంటర్వల్ 30" పెట్టండి. డీఫాల్ట్ సగటు 5 నిమిషాలది, అది కదిలేలోపు సాయంత్రమవుతుంది. తర్వాత "షో ఇంటర్‌ఫేసెస్"లో బ్రాడ్‌కాస్ట్ (అందరికీ పంపే ప్యాకెట్ల) లెక్క చూడండి. లోపలికి వచ్చే బ్రాడ్‌కాస్ట్ కళ్లముందే పరుగెత్తే పోర్టుదే తప్పు. అది మరో స్విచ్‌కు వెళ్తుంటే ఆ స్విచ్‌లోకి లాగిన్ అయి అదే పని చేయండి. అలా గొలుసు పట్టుకుని పోతే చివరికి మేనేజ్‌మెంట్ లేని ఒక చిన్న స్విచ్ దగ్గరో, రెండు పోర్టుల్లోనూ గోడ కేబుళ్లే దూర్చిన ఐపీ ఫోను దగ్గరో తేలతారు.

ఆత్రంలో అప్‌లింక్ పీకకండి. మీరు లాగిన్ అయిన దారి అదే కావచ్చు. అనుమానం ఉన్న యాక్సెస్ పోర్టును "షట్‌డౌన్" చేసి, ఒక నిమిషం ఆగి, మ్యాక్ ఫ్లాప్ లైన్లు ఆగాయో లేదో చూడండి. ఆగకపోతే తిరిగి తెరిచి తర్వాతిది పట్టుకోండి. రెండు మూడు పోర్టులు ఒకేసారి మూసేస్తే ఏది మూసినందుకు తగ్గిందో మీకే తెలియదు.

కొన్ని మోడళ్లలో ఈ మెసేజీ దానంతట అది రాదు, "మ్యాక్ అడ్రస్-టేబుల్ నోటిఫికేషన్ మ్యాక్-మూవ్" ఆన్ చేయాలి. లాగు శుభ్రంగా ఉంది కదా, లూప్ లేదు అని తేల్చేముందు అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

ప్రశ్న: ఒక పోర్టు ఎర్-డిసేబుల్ అవుతోంది (తప్పు కనిపెట్టి స్విచ్చే దాన్ని మూసేస్తోంది). ఆటో రికవరీ పెట్టాం. అయిదు నిమిషాలకోసారి లేస్తుంది, మళ్లీ పడిపోతుంది.

జవాబు: ఆటో రికవరీ డీఫాల్ట్ వ్యవధి 300 సెకన్లు, మీరు చూస్తున్న అయిదు నిమిషాలు అవే. రోగం తగ్గకుండా లేపి నిలబెడితే మళ్లీ పడుతుంది మరి. "పీఎం-4-ఎర్_డిసేబుల్" లైనులోనే కారణం రాసి ఉంటుంది. "షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్ ఎర్-డిసేబుల్డ్" కొట్టినా కనబడుతుంది.

బీపీడీయూగార్డ్ అని ఉంటే, కంప్యూటరు ఉండాల్సిన చోట ఎవరో స్విచ్ తగిలించారు, లేదా లూప్ వల్ల మీ స్విచ్ పంపిన బీపీడీయూ (లూపులు పట్టడానికి స్విచ్‌లు పంపుకునే మెసేజీ) దానికే తిరిగి వచ్చింది. దీనికి ఆటో రికవరీ పెట్టడం మాకు నచ్చదు. లూప్‌ను అయిదు నిమిషాలకోసారి మళ్లీ నెట్‌వర్క్‌లోకి పిలిచినట్టే. పీసెక్యూర్-వయొలేషన్ (అనుమతించిన గరిష్ఠానికి మించి మ్యాక్‌లు కనబడడం) అయితే దాన్ని ఆనుకుని ఉన్న లైనులో ఏ మ్యాక్ వల్ల జరిగిందో ఉంటుంది. ఐపీ ఫోను వెనక కంప్యూటరు ఉన్న పోర్టుకు గరిష్ఠం 1 అని పెట్టి ఉంటారు. కనీసం 2 కావాలి. ఫోను మొదట డేటా వీలాన్‌లో కనబడి తర్వాత వాయిస్ వీలాన్‌లోకి వెళ్లే రకమైతే 3 పెట్టండి. లింక్-ఫ్లాప్ అయితే 10 సెకన్లలో 5 సార్లు లింకు పడి లేచిందని. ప్యాచ్ కార్డు మార్చండి, తర్వాత గోడ సాకెట్‌లో పంచింగ్ చూడండి.

ప్రశ్న: కెమెరాలు పగలంతా బాగుంటాయి. చీకటి పడ్డాక నాలుగైదు ఆగిపోతాయి, రోజూ అవే కాదు. స్విచ్ చెడిపోయిందా?

జవాబు: చీకటి పడగానే కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, అప్పుడు పవర్ వాడకం పెరుగుతుంది. అనుమానం పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ మీదే పవర్ ఇవ్వడం) మీద ఉండాలి. లాగులో చూడాల్సింది మెసేజీల వరస.

కెమెరా పోర్టుకు ముందు "ఐఎల్‌పవర్" రకం లైను వచ్చి, ఆ వెనుక లైన్-ప్రోటోకాల్ డౌన్, లింక్ డౌన్ వస్తే మొదట తెగింది పవరే. ఐఎల్‌పవర్ లైను అసలే లేకుండా లింకు మాత్రమే పడి, అర నిమిషమో నిమిషమో ఆగి లేస్తే పవర్ పోలేదు. కెమెరా తనంతట తాను రీబూట్ అవుతోంది, లేదా కేబుల్‌లో డేటా జతలు సరిగా లేవు. ఈ తేడా చూడకుండా స్విచ్ మార్చేస్తే కొత్త స్విచ్ కూడా ఇదే చేస్తుంది.

ఐఎల్‌పవర్ లైన్లలోనూ మూడు రకాలు. "పవర్_డెనీ" అంటే స్విచ్ దగ్గర ఇవ్వడానికి మిగల్లేదు. "ఐట్రిపుల్ఈ_డిస్కనెక్ట్" అంటే అవతలి పరికరం కరెంటు తీసుకోవడం మానేసింది. పీఓఈ ప్రమాణం 802.3ఏఎఫ్ ప్రకారం పరికరం కనీసం 10 మిల్లీయాంపియర్లు లాగుతూ ఉండాలి. 300 నుంచి 400 మిల్లీసెకన్ల పాటు లాగకపోతే స్విచ్ పవర్ తీసేస్తుంది. కేబుల్ పీకినా ఇదే పడుతుంది కాబట్టి రాత్రిపూట ఎవరూ ముట్టుకోని పోర్టులో వస్తే కనెక్టరులో తుప్పు, వదులు క్రింపింగ్ చూడండి. మూడోది "కంట్రోలర్ పోర్ట్ ఎర్రర్", అందులో "ఐమ్యాక్స్" అని ఉంటే పరికరం తనకు కేటాయించినదానికన్నా ఎక్కువ లాగబోయింది, లేదా తీగలో షార్టు ఉంది. బయట పెట్టిన కెమెరాకు కనెక్టరులోకి నీళ్లు దిగినా ఇది వస్తుంది.

ఇక లెక్క. 802.3ఏఎఫ్‌లో స్విచ్ పోర్టు దగ్గర 15.4 వాట్లు, పరికరానికి చేరేది 12.95. దాని తర్వాతి ప్రమాణం 802.3ఏటీలో 30 వాట్లు, చేరేది 25.5. మధ్యలో పోయేది కేబుల్ తింటుంది. మొత్తం బడ్జెట్ 370 వాట్ల స్విచ్ అనుకోండి. 15.4 వాట్లు కేటాయించే క్లాస్ 3 పరికరాలు 24 పెడితే 369.6 వాట్లు, సరిగ్గా సరిపోతుంది. అందులో 30 వాట్ల తిరిగే కెమెరాలు 6 ఉంటే 180 అక్కడే పోయింది. మిగిలిన 190తో క్లాస్ 3వి 12 మాత్రమే నిలబడతాయి. అంటే 24 పోర్టుల స్విచ్‌లో పంతొమ్మిదో పరికరానికి పవర్ లేదు. "షో పవర్ ఇన్‌లైన్" పగలొకసారి, దీపాలు వెలిగాక ఒకసారి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. తప్పకుండా నడవాల్సిన కెమెరాల పోర్టులకు "పవర్ ఇన్‌లైన్ స్టాటిక్" ఇస్తే వాటి వాటా ముందే పక్కన పెట్టేస్తుంది. మీ దగ్గర రోజుకో కెమెరా ఆగడానికి ఒక కారణం, ఆ రోజు ఏది ఆఖర్న పవర్ అడిగితే దానికే లేకుండా పోవడం కావచ్చు.

ప్రశ్న: స్విచ్ రీబూట్ అయింది. లాగులో రీబూట్ తర్వాతి లైన్లే ఉన్నాయి. సిస్‌లాగ్ సర్వరులో కూడా ఆఖరి నిమిషాలు లేవు.

జవాబు: బఫరు ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు పోతే పోతుంది. సర్వరుకు వెళ్లే మెసేజీలు మామూలుగా యూడీపీ 514 మీద పోతాయి. అందిందా అని అడిగేవాళ్లు ఉండరు. పైగా అప్‌లింక్ పడిపోయిందన్న మెసేజీ వెళ్లాల్సింది ఆ అప్‌లింక్ మీదనే. లేచాక కూడా పాత స్పానింగ్ ట్రీలో (లూపులు రాకుండా చూసే పద్ధతి) పోర్టు ఫార్వార్డింగ్‌కు రావడానికి 30 సెకన్లు పడుతుంది. ఆ లోపు మెసేజీలు దారిలోనే పోవచ్చు. "సర్వీస్ సీక్వెన్స్-నంబర్స్" పెట్టండి. 4210 తర్వాత 4218 కనిపిస్తే మధ్యలో ఏడు పోయాయని కనీసం తెలుస్తుంది.

జరిగిపోయినదానికి "షో వెర్షన్"లో రీలోడ్ కారణం చూడండి. పవర్-ఆన్ అని ఉంటే కరెంటు పోయి వచ్చింది. అదే యూపీఎస్ మీద ఉన్న మిగతా స్విచ్‌ల అప్‌టైమ్ కూడా అంతే ఉందేమో పోల్చండి, ఉంటే స్విచ్‌ను వదిలేసి యూపీఎస్‌ను చూడండి. రీలోడ్ కమాండ్ అని ఉంటే మనిషి పని. సాఫ్ట్‌వేర్ క్రాష్ అని ఉంటే ఫ్లాష్‌లో క్రాష్‌ఇన్ఫో ఫైలు ఉంటుంది. మళ్లీ రీబూట్ చేసేముందే దాన్ని కాపీ చేసుకోండి. ఇకముందుకు, మీ మోడల్‌లో ఉంటే "లాగింగ్ ఫైల్ ఫ్లాష్" పెట్టండి. ఫ్లాష్‌కు రాతలు ఎక్కువైతే అరిగిపోతుంది కాబట్టి అక్కడికి లెవెల్ 4 దాకా చాలు.

ప్రశ్న: నెట్ నెమ్మదిగా ఉంది, కానీ లాగులో ఒక్క లైనూ లేదు.

జవాబు: స్థితి మారినప్పుడే లాగు రాస్తుంది. నెమ్మదిగా జరిగే నష్టం కౌంటర్లలో ఉంటుంది. "క్లియర్ కౌంటర్స్" కొట్టి, పది నిమిషాలాగి "షో ఇంటర్‌ఫేసెస్" చూడండి. ఒక వైపు సీఆర్‌సీ (పాడై వచ్చిన ఫ్రేముల లెక్క), అవతలి వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా జరిగిన ఢీల లెక్క) పెరిగితే డ్యూప్లెక్స్ తేడా: సీఆర్‌సీ ఉన్నది ఫుల్, లేట్ కొలిజన్లు ఉన్నది హాఫ్. దీని గురించి లాగులో మెసేజీ రావాలంటే రెండు వైపులా సీడీపీ (సిస్కో పరికరాలు ఒకదాన్నొకటి గుర్తించే పద్ధతి) నడుస్తూ ఉండాలి, అవతల సర్వరు ఉంటే రానే రాదు. ఎవరో ఒక వైపు 100 ఫుల్ అని బిగించి, రెండోవైపు ఆటోలో వదిలేశారు. ఆటో వైపుకు సమాధానం రాక హాఫ్‌కు దిగిపోయింది. రెండూ ఆటో చేయండి. సీఆర్‌సీ ఒక్కటే పెరుగుతుంటే కేబుల్ లేదా ఫైబర్ మాడ్యూల్. అవుట్‌పుట్ డ్రాప్స్ పెరుగుతుంటే తీగ బాగానే ఉంది, ట్రాఫిక్కే ఎక్కువైంది.

ప్రశ్న: పోర్టు వీలాన్ ఎవరో మార్చారు. ఎవరో తెలుసుకోవచ్చా?

జవాబు: "సిస్-5-కాన్ఫిగ్_ఐ" లైను వెతకండి. ఏ యూజరు, ఏ ఐపీ అడ్రసు నుంచి కాన్ఫిగరేషన్ మోడ్‌లోకి వెళ్లి వచ్చారో ఉంటుంది. ఆ టైము మోడ్ నుంచి బయటికి వచ్చినప్పటిది, మార్చినప్పటిది కాదు. ఏ కమాండ్ కొట్టారో మాత్రం అందులో ఉండదు. దానికి ముందుగానే "ఆర్కైవ్" కింద "లాగ్ కాన్ఫిగ్"లో "లాగింగ్ ఎనేబుల్", "హైడ్‌కీస్", "నోటిఫై సిస్‌లాగ్" పెట్టి ఉండాలి. "హైడ్‌కీస్" లేకపోతే పాస్‌వర్డులు కూడా లాగులోకి ఎక్కుతాయి. అందరూ ఒకే అడ్మిన్ పేరుతో లాగిన్ అవుతుంటే మీకు దొరికేది ఐపీ అడ్రసు ఒక్కటే. ఆ రోజు ఆ అడ్రసు ఏ కంప్యూటరుకు ఇచ్చారో ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వరు లాగులో చూసుకోవాలి.